టెక్సస్ బడి లైబ్రరీకి వచ్చిన తెలుగు పుస్తకాలు: వయసుకు తగినవో కావో తేల్చిన ఒక కేసు

నేపథ్యం

ఈ కేసు అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న శివారు స్కూల్ డిస్ట్రిక్టులలో (ఒక ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే విభాగాలు) ఒకదానిలో జరిగింది. కిండర్‌గార్టెన్ నుంచి ఐదో గ్రేడు దాకా ఉన్న ఎలిమెంటరీ బడికి నేను లైబ్రేరియన్‌ని. డిస్ట్రిక్టు, బడి, మనుషుల ఆనవాళ్ళు తీసేశాను. పుస్తకాల పేర్లు కూడా ఇవ్వడం లేదు. తెలుగు చదవగలిగిన లైబ్రేరియన్లు ఈ రాష్ట్రంలో తక్కువే అయినా, తమ భాష రాని బోర్డు ముందు తమ పుస్తకాలను నిలబెట్టవలసిన స్థితి కొరియన్, అరబిక్, ఉర్దూ, తమిళ కుటుంబాలకూ వస్తున్నది కాబట్టి దీన్ని పూర్తిగా రాసి పెట్టడం అవసరమనిపించింది.

ముందుగా నియమాల సంగతి. 2023లో టెక్సస్ శాసనసభ హౌస్ బిల్లు 900ను ఆమోదించింది. బడులకు పుస్తకాలు అమ్మే సంస్థలే ప్రతి పుస్తకానికీ లైంగిక విషయాన్ని బట్టి రేటింగు ఇవ్వాలన్న భాగాన్ని కింది కోర్టు నిలిపివేయగా, ఆ నిలుపుదలను టెక్సస్ మీద అధికారమున్న ఫెడరల్ ఐదవ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు 2024 జనవరిలో సమర్థించింది. అదే చట్టం కింద రాష్ట్ర లైబ్రరీ కమిషన్ తయారుచేసిన సేకరణ ప్రమాణాలు మాత్రం నిలిచాయి. మైనర్లకు హానికరమైనవి, లైంగికంగా బాహాటమైనవి బడి లైబ్రరీలో ఉండరాదని ఆ ప్రమాణాలు ఒకవైపు చెబుతూనే, రాష్ట్రంలోని జాతి, మత, సాంస్కృతిక వర్గాలకు సేకరణలో చోటుండాలని మరోవైపు చెబుతాయి. ఈ రెండో మాటను చాలామంది మరిచిపోతారు. మా కేసులో అది బాగా అక్కరకు వచ్చింది.

తరువాత 2025లో సెనేట్ బిల్లు 13 (ఎస్.బి. 13) వచ్చి, సెప్టెంబరు 1 నుంచి అమలైంది. దీనితో పుస్తకాల ఎంపికలో తుది అధికారం లైబ్రేరియన్ చేతి నుంచి ఎన్నికైన స్కూల్ బోర్డు చేతికి వెళ్ళింది. కొన్న పుస్తకమైనా విరాళంగా వచ్చిన పుస్తకమైనా జాబితాను 30 రోజులు బహిరంగంగా ఉంచి, ఆ తరువాత బోర్డు బహిరంగ సమావేశంలో ఓటు వేసి ఆమోదించాలి. తల్లిదండ్రులు ఎక్కువ సంఖ్యలో ఉండే లైబ్రరీ సలహా మండలి ఉన్నచోట, స్థానిక సమాజపు విలువలకూ పిల్లల వయసుకూ గ్రేడుకూ పుస్తకం తగినదా అన్నది ఆ మండలి పరిశీలించి బోర్డుకు సిఫారసు చేస్తుంది. తల్లిదండ్రులు గాని, ఉద్యోగులు గాని, డిస్ట్రిక్టులో నివసించేవారు గాని అభ్యంతర పత్రం ఇస్తే, తేలే దాకా ఆ పుస్తకం పిల్లలకు అందకూడదు. నిషిద్ధమైన వాటిలో ‘అసభ్య విషయం’ అనే తరగతి ఒకటుంది: లైంగిక లేదా విసర్జక అవయవాలను, చర్యలను స్పష్టంగా జుగుప్స కలిగించే రీతిలో చూపేది. ఈ నిర్వచనం అమెరికాలో రేడియో, టీవీ ప్రసారాలకు వాడే నిర్వచనాన్ని పోలి ఉంటుంది. అదే ఏడాది సెనేట్ బిల్లు 412, మైనర్లకు హానికరమైన సామగ్రి ఇచ్చిన కేసులలో ‘చదువు కోసం ఇచ్చాను’ అని చెప్పుకొనే రక్షణను శిక్షాస్మృతి నుంచి తొలగించింది. ఆ సంవత్సరం రాష్ట్రంలో కొన్ని డిస్ట్రిక్టులు కొత్త పుస్తకాల కొనుగోలునే కొంతకాలం ఆపేశాయంటే, ఆ జంకు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించవచ్చు.

వచ్చిన సమస్య

మా బడిలో తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. వారి తల్లిదండ్రులు కొందరు కలిసి, వేసవిలో హైదరాబాదు, విజయవాడ వెళ్ళినప్పుడు తెచ్చిన పిల్లల పుస్తకాలను లైబ్రరీకి ఇస్తామన్నారు. అరవై పైచిలుకు పుస్తకాలు వచ్చాయి. అక్షరమాల బొమ్మల పుస్తకాలు, పంచతంత్రం, తెనాలి రామకృష్ణుడి కథలు, భాగవత కథల బొమ్మల పుస్తకాలు, నీతికథల సంపుటాలు, చిన్న సైన్సు పుస్తకాలు, వీటి మధ్య పెద్దల కోసం రాసిన పంచతంత్రం పూర్తి అనువాదం ఒకటి.

ఎస్.బి. 13కు ముందు ఇలాంటి విరాళం వస్తే నేనే చదివి, తగినవి ఉంచుకుని, మిగిలినవి తిరిగి ఇచ్చేదాన్ని. ఇప్పుడు ప్రతి పుస్తకమూ బోర్డు ముందుకు వెళ్ళాలి. ఇంగ్లీషు పుస్తకానికి పత్రికలలో సమీక్షలుంటాయి, ఏ గ్రేడుకు తగునో ప్రచురణకర్త చెబుతాడు, ఇతర డిస్ట్రిక్టుల కేటలాగులో దాని జాడ ఉంటుంది. ఈ పుస్తకాలలో చాలావాటికి ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) కూడా లేదు. నేషనల్ బుక్ ట్రస్ట్ పుస్తకాల మీద వయసు, ప్రథమ్ బుక్స్ పుస్తకాల మీద ఒకటి నుంచి నాలుగు దాకా స్థాయి అచ్చై ఉన్నాయి గాని, ఆ స్థాయి పిల్లవాడు ఎంత చదవగలడో చెబుతుంది తప్ప ఏమి చదవవచ్చో చెప్పదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, ఓటు వేయవలసిన ట్రస్టీలలో (బోర్డు సభ్యులలో) గాని సలహా మండలిలో గాని తెలుగు అక్షరం చదవగలిగినవారు ఒక్కరూ లేరు.

కోర్టుకు వెళ్తే తేలుతుందిలే అనుకునే వీలు కూడా ఇక్కడ లేదు. పుస్తకంలోని అభిప్రాయం నచ్చలేదన్న ఒక్క కారణంతో బడి బోర్డు దాన్ని తీసేయరాదని 1982లో పికో కేసులో సుప్రీంకోర్టు చెప్పినా, ఆ తీర్పుకు న్యాయమూర్తులలో మెజారిటీ కూడిన ఒకే అభిప్రాయం లేదు. 2025 మేలో టెక్సస్‌లోనే ఉన్న ల్యానో కౌంటీ కేసులో ఐదవ సర్క్యూట్ కోర్టు పూర్తి ధర్మాసనం, ప్రజా లైబ్రరీ పుస్తకాన్ని తీసేస్తే పాఠకుడు రాజ్యాంగం పేరు చెప్పి దాన్ని సవాలు చేయలేడని తేల్చింది. ఆ తీర్పును పరిశీలించడానికి సుప్రీంకోర్టు అదే ఏడాది డిసెంబరులో నిరాకరించింది. అంటే మా రాష్ట్రంలో ఒక పుస్తకం అరలో నిలుస్తుందా లేదా అన్నది బోర్డు గదిలో, బోర్డు ముందున్న కాగితాల మీదే తేలుతుంది.

మొదట చేసినవి, అవి ఎందుకు నిలవలేదు

డిస్ట్రిక్టు కార్యాలయం మొదట మామూలు ఫారమే వాడింది: పేరు ఇంగ్లీషు లిపిలో, రచయిత, ప్రచురణకర్త, ఒక వాక్యంలో సారాంశం. జాబితా 30 రోజులు బయట ఉంది. సమావేశంలో ఒక ట్రస్టీ అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. ‘వీటిని మన డిస్ట్రిక్టులో మొదటి నుంచి చివరి దాకా చదివిందెవరు? చదివాక వాళ్ళు రాసిందేది?’ జవాబుగా చూపడానికి కాగితం లేదు. అంశాన్ని వాయిదా వేశారు. తల్లిదండ్రులలో కొందరు దీన్ని మన భాష మీద చిన్నచూపుగా తీసుకున్నారు. నేను అలా తీసుకోలేదు. తాను చదవలేని పుస్తకానికి ఓటు వేయమంటే ఎవరైనా అడగవలసిన ప్రశ్నే అది. పైగా ఆ ట్రస్టీ పుస్తకాలను తిరస్కరించమనలేదు, ఆధారం చూపమన్నారు.

ఆ మీదట విరాళమిచ్చిన తల్లిదండ్రులే సారాంశాలు రాసి ఇచ్చారు. ఎంతో శ్రద్ధగా రాశారు గాని, దాదాపు ప్రతిదీ ‘పిల్లలకు మంచి నీతిని బోధించే చక్కని కథ’ అనే ముగిసింది. ఇచ్చినవారే యోగ్యతాపత్రం కూడా రాస్తే దానికి విలువ ఉండదన్నది ఒక ఇబ్బంది. రెండోది ఇంకా లోతైనది. మనం చిన్నప్పటి నుంచి విన్న కథను చదివేటప్పుడు కాగితం మీద ఉన్నది కాక, మన మనసులో ఉన్న కథను చదువుకుంటాం. ప్రహ్లాదుడి కథకు ఒక తండ్రి రాసిన సారాంశంలో భక్తి ఉంది, విష్ణువు ఉన్నాడు. పసివాడిని ఏనుగులతో తొక్కించడం, పాములతో కరిపించడం, కొండ మీద నుంచి తోయించడం లేవు. ఆయన దాచలేదు. ఆ కథలో అవి ఉన్నాయని ఆయన ప్రత్యేకంగా గమనించే అవసరమే ఆయనకు ఎన్నడూ రాలేదు.

సలహా మండలిలో ఒకరు ఫోను కెమెరాతో అనువాదం చేసి చూద్దామన్నారు. పూతన కృష్ణుడికి పాలివ్వబోయిన పేజీ మీద ఫోను పెడితే వచ్చిన ఇంగ్లీషు వాక్యం వైద్య పుస్తకంలోంచి ఊడిపడినట్టుంది. ఆ వాక్యం సమావేశపు మినిట్సులోకి వెళ్ళి ఉంటే పుస్తకం పని అక్కడితో అయిపోయేది. యంత్రం ఇచ్చిన అనువాదాన్ని ఆధారంగా తీసుకోరాదని మండలి అప్పుడే తీర్మానించుకుంది. మేలే జరిగింది.

మూడో సూచన కార్యాలయం నుంచి వచ్చింది. మొత్తం పెట్టెను వేరే అరలో పెట్టి, తల్లిదండ్రుల సంతకం ఉన్న పిల్లలకే ఇద్దామన్నారు. వినడానికి అందరినీ సమాధానపరిచేదిగా ఉంది. దీన్ని నేను వద్దనడానికి రెండు కారణాలున్నాయి. పుస్తకం చట్టం నిషేధించిన తరగతిలోకి వస్తే అది ఏ అరలోనూ ఉండరాదు, సంతకం దానికి అనుమతి కాదు. రాకపోతే, అక్షరమాల పుస్తకానికి సంతకం ఎందుకు? తెలుగులో ఉన్నందుకా? తన బిడ్డ ఏ పుస్తకం తీసుకోరాదో తల్లిదండ్రులే బడికి చెప్పుకునే హక్కును ఎస్.బి. 13 ఎలాగూ ఇచ్చింది. ఒక ఇంటివారి జాగ్రత్తను అందరి మీదా రుద్దే అర వేరే అక్కరలేదు. ఈ వాదనను ప్రిన్సిపాల్ ఒప్పుకున్నారు. నిషిద్ధమైనది కావచ్చునని మనమే అనుమానిస్తున్న పుస్తకాన్ని తాళం వేసి ఉంచుకున్నామని రేపు ఎవరైనా అంటే జవాబుండదన్న మాట ఆయనకు ముఖ్యంగా తట్టింది.

పనిచేసిన పద్ధతి

చివరికి చేసిన పని కొత్తదేమీ కాదు, ఓపిక కావలసింది. ప్రతి పుస్తకాన్నీ ఇద్దరు విడివిడిగా చదివారు. ఒకరు నేను, మరొకరు విరాళంతో సంబంధం లేని, వేరే బడిలో పనిచేసే తెలుగు టీచరు. ఒకరి నోటు ఒకరు చూడకుండా ఇంగ్లీషులో పేజీవారీగా రాశాం. బొమ్మలో ఏముందో, మాటలో ఏముందో వేరువేరుగా రాశాం. తెలుగు పిల్లల పుస్తకాలలో చాలాసార్లు మాట మెత్తగా ఉండి, బొమ్మ దానికన్నా చాలా దూరం పోతుంది. మా ఇద్దరికీ కుదరని చోట రాజీ చేసుకోకుండా రెండు అభిప్రాయాలనూ అలాగే ఉంచాం. బోర్డుకు మా మీద నమ్మకం కుదరడానికి ఆ విభేదాలే ఎక్కువ తోడ్పడ్డాయని నా అంచనా.

ఫారములో ప్రశ్నలను రెండు భాగాలుగా విడగొట్టడం ఈ కేసులో నిర్ణాయకమైన పని. మొదటి భాగం చట్టానిది: హానికరమైనదా, అసభ్య విషయమా, బూతా? దీనికి జవాబు గ్రేడును బట్టి మారదు. రెండో భాగం వయసుది: ఏ గ్రేడు పిల్లవాడు, పక్కన పెద్దవారు లేకుండా, ఈ పుస్తకాన్ని ఒంటరిగా తెరిస్తే ఏమి అర్థం చేసుకుంటాడు, దేనికి హడలిపోతాడు? ఈ రెంటినీ కలిపి ‘తగినదా’ అని ఒకే గడిలో అడిగినంత కాలం, ప్రతి చిన్న ఇబ్బందీ చట్ట ఉల్లంఘన లాగా వినిపించింది, ప్రతి సమర్థనా సంస్కృతి గురించిన ఉపన్యాసం లాగా మారిపోయింది.

ఎలా తేల్చామో చెప్పడానికి కొన్ని పుస్తకాలను దగ్గరగా చూడాలి.

వెన్న దొంగిలించే కృష్ణుడి బొమ్మల పుస్తకంలో పసివాడికి మొలతాడు తప్ప వేరే బట్ట లేదు. మొదటి గడిలో ఇద్దరమూ ‘కాదు’ అనే రాశాం. నగ్నత్వం ఉన్నంత మాత్రాన అది లైంగికం కాదు, పుస్తకాన్ని మొత్తంగా చూస్తే పాకే పసిబిడ్డ తప్ప మరేమీ లేదు. రెండో గడిలో కిండర్‌గార్టెన్ నుంచి సరేనన్నాం. బొమ్మ ఉన్న పేజీ నంబరు మాత్రం నోటులో స్పష్టంగా ఇచ్చాం, ఎందుకంటే ఎవరైనా తరువాత దాన్ని పట్టుకుని ‘మాకు చెప్పలేదే’ అనే సందు ఉండకూడదు.

గోపికా వస్త్రాపహరణం ఉన్న పుస్తకం దగ్గర మేమిద్దరం చాలాసేపు ఆగాం. పోతన భాగవతం దశమ స్కంధంలోని ఆ ఘట్టానికి వ్యాఖ్యాతలు చెప్పే ఆధ్యాత్మికార్థం మా ఇద్దరికీ తెలుసు. కాని ఈ పుస్తకంలో ఆ అర్థం ఒక్క మాటలోనూ లేదు. పెద్ద అక్షరాలలో, ఏడెనిమిదేళ్ళ వారి కోసం, అల్లరి కృష్ణుడి చిలిపి పనులలో ఒకటిగా చెప్పి, నీళ్ళలో నిలబడి చేతులెత్తి వేడుకుంటున్న ఆడపిల్లల బొమ్మను పేజీ నిండా వేశారు. మొదటి గడిలో, నిషిద్ధం కాదనే మా ఇద్దరి అభిప్రాయం. బొమ్మ జుగుప్స కలిగించే రీతిలో లేదు. రెండో గడిలో మాత్రం ఎలిమెంటరీకి వద్దన్నాం. ఒకరి బట్టలు ఎత్తుకుపోయి, వాళ్ళు బతిమాలేదాకా ఇవ్వకపోవడం సరదా అని, దాన్ని వివరించే పెద్దవారు పక్కన లేని చోట, రెండో గ్రేడు పిల్లవాడు నేర్చుకోనక్కరలేదు. మిడిల్ స్కూలుకు పంపుదామంటే ఆ భాష వారికి మరీ చిన్నపిల్లలది. కాబట్టి తిరిగి ఇచ్చేశాం.

ఇచ్చిన తండ్రి వచ్చి అడిగారు. ‘మేడమ్, మన ఇళ్ళలో క్యాలెండరు మీద ఉండే బొమ్మే కదండీ ఇది. అక్కడ లేని తప్పు ఇక్కడెలా వచ్చిందండీ?’ నిజమే. కాని ఇంట్లో ఆ బొమ్మ కింద కూర్చున్న పిల్లకు చెప్పడానికి అమ్మమ్మో నాన్నమ్మో ఉంటుంది, ఎంత చెప్పాలో ఎక్కడ ఆపాలో ఆమెకు తెలుసు. లైబ్రరీ పుస్తకాన్ని ఏ ఇంటి బిడ్డయినా, ఏ కథా తెలియని బిడ్డయినా తీసుకెళ్తుంది. ఇదే ఆయనతో చెప్పాను. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు, కాని ప్రహ్లాదుడి పుస్తకాన్ని ఉంచుతున్నామని విని ఆశ్చర్యపోయారు.

ప్రహ్లాదుడి కథ పెట్టెలో రెండు పుస్తకాలుగా వచ్చింది. ఒకదానిలో స్తంభం పగిలి నరసింహుడు బయటికి రావడంతో బొమ్మ ఆగి, తరువాతి సంగతి ఒక వాక్యంలో ముగుస్తుంది. రెండోదానిలో గడప మీద జరిగిందంతా రెండు పేజీల నిండా, పేగుల మాలతో సహా ఉంది. టెక్సస్ చట్టం లైంగిక విషయం, బూతు గురించి మాట్లాడినంతగా హింస గురించి మాట్లాడదు కాబట్టి మొదటి గడిలో రెండింటికీ అడ్డు లేదు. తేడా అంతా రెండో గడిలోనే. మొదటి పుస్తకాన్ని మూడో గ్రేడు నుంచి మా బడిలోనే ఉంచాం; రెండోదాని భాష కూడా పెద్దపిల్లలదే కావడంతో మిడిల్ స్కూలుకు సిఫారసు చేశాం. జానపద కథలు, నీతికథలు, పురాణగాథలు రాష్ట్ర భాషా పాఠ్య ప్రమాణాలలోనే ఉన్నాయి కాబట్టి, ఈ పుస్తకాలు తరగతిలో దేనికి పనికివస్తాయో ప్రతి నోటులోనూ రాశాం. మత ప్రచారమవుతుందేమోనని మండలిలో ఒకరు సందేహించారు. 1963లో షెంప్ కేసులో సుప్రీంకోర్టు బడి నడిపే బైబిలు పఠనాన్ని, ప్రార్థనను కొట్టివేస్తూనే, మత గ్రంథాలను సాహిత్యంగా, చరిత్రగా నిష్పాక్షికంగా చదవడానికి అడ్డు లేదని చెప్పిన సంగతి చెప్పాక ఆ సందేహం నిలవలేదు. బడి లైబ్రరీలో బైబిలు కథలు ఏ అరలో ఉన్నాయో ఇవీ ఆ అరలోనే ఉంటాయని కూడా చెప్పాం.

పంచతంత్రం పూర్తి అనువాదం గురించి చర్చే అవసరం లేకపోయింది. అక్రమ సంబంధం, ముక్కు కోయడం ఉన్న సాలెవాడి భార్య, మంగలి భార్య కథ తెలిసినవారికి కారణం చెప్పనక్కరలేదు. అది పెద్దల పుస్తకం, పొరపాటున పెట్టెలో పడింది.

నాకు అసలు కష్టమనిపించినవి చట్టం ఊసెత్తని పుస్తకాలు. నీతికథల సంపుటాలు రెండింటిలో మొగుడు పెళ్ళాన్ని కొట్టి దారికి తేవడం నవ్వుల కథగా ఉంది. ఒకదానిలో నల్లగా ఉన్న పిల్ల మీద హాస్యం, ఒక కులం పేరును తిట్టుగా వాడిన సామెత ఉన్నాయి. వీటిలో శృంగారం లేదు, బూతు లేదు. మొదటి గడి దాటడానికి వీటికి ఏ ఇబ్బందీ లేదు. పిల్లల వయసు గురించి ఆలోచించేవారెవరైనా మొదట ఆగవలసింది ఇక్కడే అని నా అభిప్రాయం. తెలుగు పిల్లల పుస్తకాలలో ఏరివేయవలసింది ఎక్కువగా ఈ క్రూరమైన నవ్వే, శృంగారం కాదు. నాతో పాటు చదివిన టీచరు నాతో ఏకీభవించలేదు. పాత కథలు పాతవిగానే ఉండాలని, నాలుగో గ్రేడు పిల్లలు వాటిని ప్రశ్నించగలరని ఆమె రాశారు. బోర్డుకు రెండు అభిప్రాయాలూ వెళ్ళాయి. ఒక సంపుటాన్ని ఉంచి, రెండోదాన్ని తిరిగి ఇవ్వడానికి బోర్డు నిర్ణయించింది. ఉంచిన సంపుటం విషయంలో నేను ఇప్పటికీ ఆమె వాదనతో పూర్తిగా సమాధానపడలేదు.

కొత్త జాబితా, నోట్లతో సహా, మళ్ళీ 30 రోజులు బయట ఉంది. ఈసారి సమావేశంలో చర్చ తక్కువ. మొదట ప్రశ్న అడిగిన ట్రస్టీయే ఆమోదానికి ప్రతిపాదించారు.

తరువాత వచ్చిన అభ్యంతరం

పుస్తకాలు అరకు చేరాక అభ్యంతర పత్రం వచ్చింది. నరసింహుడి మీద వస్తుందని అందరూ అనుకున్నారు. వచ్చింది తెనాలి రామకృష్ణుడి మీద, అదీ ఒక తెలుగు తల్లి నుంచి. రాయలు కొందరిని రామకృష్ణుడి ఇంటికి మలవిసర్జనకు పంపగా, అలాగే కానివ్వండి గాని ఒక్క చుక్క మూత్రం పడినా ఊరుకోనని ఆయన కర్ర పట్టుకుని నిలబడిన కథ చాలామందికి తెలిసిందే. ఆ కథా, దాని బొమ్మా ఉన్నందువల్ల పుస్తకం ‘విసర్జక చర్యలను చూపే అసభ్య విషయం’ అని ఆమె రాశారు. పత్రంతో పాటు నాకు విడిగా చెప్పిన మాట వేరు. ‘క్లాసులో పిల్లలందరూ దీన్ని చూసి నవ్వారటండీ. మన సాహిత్యమంటే ఇదే అనుకోరా వాళ్ళు?’

పత్రం అందిన రోజునే పుస్తకాన్ని అర నుంచి తీసేశాం. చట్ట ప్రకారం అది తప్పదు. మండలికి ఇచ్చిన నోటులో నేను ఆ పేజీని దాచలేదు, మొదటి నోటులోనే అది ఉంది. నిర్వచనంలో రెండు భాగాలున్నాయని, విసర్జక చర్య ఉండడం ఒక్కటే చాలదని, స్పష్టంగా జుగుప్స కలిగించే రీతిలో ఉండాలని, ఈ బొమ్మలో నలుగురు ధోవతులు పట్టుకుని వెనక్కి పరుగెత్తడం తప్ప మరేమీ లేదని వివరించాను. అమెరికన్ చిన్నపిల్లల అరలలో పిత్తుల హాస్యం పుస్తకాలు కొల్లలు. ల్యానో కౌంటీలో తీసేసిన 17 పుస్తకాలలో అలాంటివీ ఉన్నాయి గనుక మండలిలో ఒకరు ఆ కేసును ప్రస్తావించారు. తీసేసే అధికారం ప్రభుత్వానికి ఉందని ఆ తీర్పు చెప్పిందే తప్ప, ఆ పుస్తకాలు అసభ్యమని చెప్పలేదు, తీసేయాలనీ చెప్పలేదు. ఈ భేదాన్ని మండలి అధ్యక్షురాలు స్వయంగా పట్టుకుని మిగిలినవారికి చెప్పారు. పుస్తకాన్ని ఉంచాలని మండలి సిఫారసు చేసింది, బోర్డు అంగీకరించింది.

ఆ తల్లితో మళ్ళీ కూర్చున్నాను. కేటలాగులో తన కొడుకు ఖాతాకు ఆ పుస్తకం వెళ్ళకుండా ఎలా పెట్టుకోవచ్చో చూపించాను. ఆమె పెట్టుకున్నారు. ఆమె సిగ్గుపడడంలో నాకు అర్థంకానిదేమీ లేదు. పరాయి ఊళ్ళో మన ఇంటి మాట నలుగురి నోటా పడితే ఎవరికైనా అలాగే ఉంటుంది. అయితే ఆ సిగ్గు తీర్చడం చట్టంలోని నిర్వచనం పని కాదు, ఆమె ఇంటి వరకు ఆమె తీసుకున్న నిర్ణయం సరిపోతుంది.

ఇతరులు వాడుకోవాలంటే

ఈ ఫారమును వేరే రాష్ట్రాలలో ఉన్న తోటి లైబ్రేరియన్లు అడుగుతున్నారు. ఉన్నదున్నట్టు వాడవద్దనే చెబుతున్నాను. మా రెండు గడుల పద్ధతి, పుస్తకాన్ని మొత్తంగా, రీతిని బట్టి చూడనిచ్చే నిర్వచనం మీద ఆధారపడి ఉంది. సౌత్ కరోలినాలో 2024 నుంచి అమలులో ఉన్న రాష్ట్ర విద్యాబోర్డు నిబంధన 43-170 ప్రకారం, లైంగిక చర్య వర్ణన గాని చిత్రణ గాని ఉంటే ఆ పుస్తకం ఏ గ్రేడుకూ వయసుకు తగినది కానట్టే. రీతి, సందర్భం, సాహిత్య విలువ అన్న వాదనలకు అక్కడ చోటు లేదు. అప్పీలులో రాష్ట్ర బోర్డు ఇచ్చిన నిర్ణయం రాష్ట్రమంతటికీ వర్తిస్తుంది. అలాంటి చోట మొదటి గడిలో ఒకే ప్రశ్న ఉండాలి, అది కూడా పేజీ నంబరుతో. యూటాలో 2024 చట్టం ప్రకారం మూడు డిస్ట్రిక్టులు గాని, రెండు డిస్ట్రిక్టులూ ఐదు చార్టర్ బడులూ (ప్రభుత్వ నిధులతో స్వతంత్రంగా నడిచేవి) కలిసి గాని ఒక పుస్తకాన్ని తీసేస్తే రాష్ట్రమంతా తీసేయాలి. అక్కడ మన నోటు మన డిస్ట్రిక్టులో బాగున్నంత మాత్రాన చాలదు, పక్క డిస్ట్రిక్టుల వారితోనూ పంచుకోవాలి. ఫ్లోరిడాలో 2023 చట్టం కింద లైంగిక విషయం మీద అభ్యంతరం వస్తే బడి నడిచే ఐదు రోజులలోగా పుస్తకం అర నుంచి దిగాలి. అభ్యంతరం వచ్చాక నోటు రాయడం మొదలుపెడితే అక్కడ ఆలస్యమైనట్టే. కొనేటప్పుడే రాసి ఉంచుకోవాలి.

టెక్సస్‌లోనే ఉన్నవారికి మాత్రం రెండు సంగతులు. విరాళమిచ్చేవారిని పుస్తకాలు తెచ్చే ముందే కలవండి. మాకు వచ్చిన వాటిలో తిరిగి ఇచ్చినవన్నీ ముందే మాట్లాడి ఉంటే పెట్టెలోకి వచ్చేవి కావు, వాయిదా వల్ల కలిగిన నొప్పీ ఉండేది కాదు. రెండోది, రెండో పాఠకురాలి సంగతి. ఆ టీచరు సాయంత్రాలు కూర్చుని అరవై పుస్తకాలు చదివి ఇంగ్లీషులో నోట్లు రాశారు, దానికి డిస్ట్రిక్టు ఏమీ చెల్లించలేదు. ఇద్దరు పాఠకులు లేకుండా ఈ పద్ధతి లేదు. ఉచిత శ్రమ మీద అది రెండో ఏడు నడవదు. వచ్చే సంవత్సరపు లైబ్రరీ బడ్జెటులో భాషా పాఠకులకు గౌరవవేతనం అడుగుతూ ఒక పద్దు చేర్చాను. కొరియన్ పుస్తకాల జాబితా ఇప్పటికే వరుసలో ఉంది, కొరియన్ చదివే రెండో టీచరు ఇంకా దొరకలేదు.